వెండి పన్ను, మూడు రోజుల పాలు

మూడు రోజులు నా పిల్లకి నేను పాలివ్వలేదు. పాలు లేక కాదు. జాకెట్టు తడిసి చీర దాకా దిగేటన్ని పాలు పెట్టుకుని, పక్క గదిలో అది గుక్కపట్టి ఏడుస్తుంటే గోడ వైపు తిరిగి పడుకున్నాను. నా కుడి దవడలో, కింది వరసలో, మినపగింజంత వెండి ముక్క ఒకటి ఉంది. దానికి భయపడి. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే నాలుగు తిట్టుకోవాలనిపిస్తుంది. మా నాన్నగారిని కూడా కలిపి తిట్టుకుందును గానీ, పాలు మానేసింది నేను, ఆయన కాదు.

పురిటికి పుట్టింటికి వచ్చి అప్పటికి మూడు నెలలు. పిల్ల పుట్టి నలభై రోజులు. మా ఇల్లు ముమ్మిడివరం శివార్లలో ఉంది. పెరటి వెనక నాలుగు కొబ్బరి చెట్లు, వాటి వెనక అన్నీ రొయ్యల చెరువులు. మబ్బు పట్టిన రోజున నీళ్లలో గాలి చాలక రొయ్యలు తేలిపోతాయని పగలు కూడా చెరువుల్లో చక్రాలు తిప్పుతారు. ఆ శ్రావణమంతా మబ్బే. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఒకటే చప్పుడు, నీళ్లని ఎవరో ఆపకుండా చిలుకుతున్నట్టు. సాంబ్రాణి పొగ, నూనె వాసన, తడి గుడ్డల వాసన. బాలింత నిద్ర ఎప్పుడు పడుతుందో, ఎప్పుడు పోతుందో తెలియదు. కళ్లు తెరిచి ఉండగానే కలలు వచ్చేవి. ఆ రోజుల్లో ఏది నిజంగా జరిగిందో, ఏది నేను కలగన్నానో ఇప్పటికీ కొన్ని చోట్ల నాకు తేడా తెలియదు. కానీ ఇక్కడ రాస్తున్నవి మాత్రం మా అమ్మని అడిగి సరిచూసుకున్నవే.

మాది బంగారం పని చేసే ఇల్లు. వీధి గదిలో నాన్నగారి కుంపటి, పట్టకార్లు, గీటురాయి. ఆ గదిలో దొరకనిదల్లా ఒక్కటే, పాదరసం. దాని పేరు కూడా మా ఇంట్లో ఎత్తకూడదు. ఎత్తాల్సి వస్తే నాన్నగారు "ఆ పాడుది" అనేవారు. నా చిన్నప్పుడు జ్వరం వస్తే నుదుటి మీద చెయ్యి వేసి చూడటమే తప్ప, మా ఇంటి గుమ్మం థర్మామీటరు తొక్కలేదు. బడిలో ల్యాబు ఉన్న రోజున చెవులకున్న దుద్దులు తీయించి పంపేవారు. పాదరసం తగిలితే బంగారం తెల్లబడి పాడైపోతుంది, ఆ సంగతి మా వీధిలో పసివాళ్లకి కూడా తెలుసు. నాన్నగారి భయం మాత్రం బంగారం గురించి కాదు.

మా తాతగారు గుళ్లకి పూత పని చేసేవారు. దేవుడి కిరీటాలు, మకరతోరణాలు, రాగివన్నీ ఆయన చేతిలో బంగారమయ్యేవి. బంగారాన్ని పాదరసంలో కలిపి ముద్ద చేసి, రాగి మీద రాసి, సెగ మీద పెడతారు. పాదరసం పొగై పోతుంది, బంగారం రాగిని పట్టుకుని ఉండిపోతుంది. అలా ఇరవై ఏళ్లు చేశారు. ముందు ఆయన చిగుళ్లు వాచాయట. తర్వాత పళ్లు ఒక్కొక్కటే ఊడాయి. ఆ తర్వాత చేతులు వణకడం మొదలుపెట్టాయి. చివరి రోజుల్లో మంచినీళ్ల గ్లాసు నోటిదాకా తెచ్చుకోలేక సగం నీళ్లు గుండెల మీద పోసుకునేవారని నాన్నగారు ఒక్కసారే చెప్పారు. నేను పుట్టక ముందే తాతగారు పోయారు.

ఇక నా పన్ను సంగతి. ఇంటర్ చదివేటప్పుడు నాకు తీపి పిచ్చి. కొబ్బరి లౌజు, బెల్లం ముక్క, ఏది దొరికితే అది. పన్ను పుచ్చింది. నాన్నగారు నన్ను అమలాపురంలో ఒక పళ్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు. మేడ మీద చిన్న ఆసుపత్రి, గోడకి బైబిలు వాక్యం రాసిన క్యాలెండరు, మెత్తగా మాట్లాడే మనిషి. సిల్వర్ ఫిల్లింగ్ పెడదామండీ, గట్టిగా ఉంటుంది అన్నారావిడ. వెండి అనేసరికి నాన్నగారి మొహం వెలిగిపోయింది. మన సరుకే కదా. చిన్న మిషను ఏదో గిరగిరా ఆడింది. ఆవిడ ముద్దలాంటిది తీసి పంటిలో కూరుతుంటే చెవిలో కిర్రుకిర్రుమని వినిపించింది. నాన్నగారు పక్కనే నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, పనివాడు పనివాడిని చూసే చూపు చూశారు.

ఇంటికొచ్చాక ఆయన కంటికి భూతద్దం పెట్టుకుని, టార్చిలైటు పట్టుకుని, నా నోట్లో తల దూర్చినంత పని చేశారు. అంచు ఎక్కడా కనపడటం లేదు, ఏం పనితనం అని మురిసిపోయారు. అక్కడితో ఆగితే బాగుండును. ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ చూపించేవారు. సంతలో గేదెకి పళ్లు చూసినట్టు అందరూ నా నోరు తెరిపించి చూసేవారు. నాకు ఒళ్లు మండిపోయేది. పెళ్లిచూపుల్లో కూడా ఆ వెండి పన్ను కబురు మొదలుపెట్టబోతే అమ్మ కాలు తొక్కి ఆపింది.

అలా పదిహేనేళ్లు గడిచాయి. పిల్ల పుట్టింది. మా ఆయన కువైట్‌లో ఏసీలు బాగుచేసే పనిలో ఉన్నారు, పిల్లని ఫోనులో చూసుకోవడమే. దూరాన ఉన్న మనిషికి ఏం చెయ్యాలో తోచక, పిల్లల పెంపకం మీద కనిపించిన వీడియో అల్లా నాకు పంపేవారు. నేను సగం చూసి సగం వదిలేసేదాన్ని. ఆ శుక్రవారం మధ్యాహ్నం, నాన్నగారు అన్నం ముందు కూర్చున్నప్పుడు, ఒకటి పెట్టాను. తెల్లకోటు వేసుకున్న ఎవరో పెద్దగొంతుతో చెబుతున్నాడు. పళ్లలో పెట్టే వెండిలో సగం పాదరసమేనట. అది రక్తంలోకి, రక్తంలోంచి తల్లిపాలలోకి, పాలలోంచి బిడ్డ మెదడులోకి వెళుతుందట. వెంటనే పీకించేసుకోండి అంటున్నాడు.

నాన్నగారి చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"ఏవన్నాడమ్మా అతను? ఇంకోసారి పెట్టు" అన్నారు.

ఇంకోసారి పెట్టాను. మూడోసారి ఆయనే ఫోను అందుకుని చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. తర్వాత చెయ్యి కడుక్కుని వీధి గదిలోకి వెళ్లిపోయారు. అన్నం అలాగే ఉండిపోయింది.

మరో ఇంట్లో అయితే ఏ డాక్టరుకో ఫోను చేసి అడుగుతారు. బంగారం పని చేసే ఇంట్లో బంగారాన్నే అడుగుతారు. నాన్నగారు ఒక ముక్క బంగారాన్ని కాగితంలా కొట్టి, చివర మడిచి తెచ్చారు. పాదరసం ఎక్కడ దాక్కున్నా బంగారం పట్టించేస్తుంది, పంటి మీద పెట్టి కాసేపు నొక్కిపట్టమ్మా అన్నారు. నేను పెట్టి కొరికాను. జివ్వుమని పంటిలోంచి చెవిలోకి, చెవిలోంచి కణతలోకి ఒక పోటు పోయింది. కరెంటు తీగ కొరికితే ఎలా ఉంటుందో అలా ఉంది. కేక పెట్టాను. వదలద్దమ్మా, ఒక్క క్షణం అన్నారు. కళ్లలో నీళ్లు కారుతుండగా పట్టుకున్నాను. తీసి చూస్తే పచ్చటి రేకు మీద బూడిదరంగు చార. నాన్నగారు దాన్ని గుమ్మంలో వెలుగుకి పట్టుకుని చాలాసేపు చూశారు.

"బతికే ఉందమ్మా అది" అన్నారు.

పిల్ల అప్పుడే నిద్రలో పెదాలు చప్పరిస్తోంది. పాలు తాగి గంట కూడా కాలేదు. నలభై రోజులు నేను దానికి ఏం పట్టాను? పాలు మానెయ్యమని నాకు ఎవ్వరూ చెప్పలేదు. నేనే అమ్మని పిలిచి, మందుల షాపు నుంచి పాలడబ్బా, సీసా తెప్పించమన్నాను.

అమ్మ నన్ను కడిగిపారేసింది. పదిహేనేళ్లు నీ నోట్లో ఉన్నది నిన్నేం చేసిందే అంది. తాతగారికి కూడా ఒక్కరోజులో ఏమీ కాలేదు కదా అన్నాను. ఆ మాటకి అమ్మ సంచీ అందుకుని మందుల షాపుకి బయలుదేరింది. నాకు కోపం వస్తే అవతలివాళ్లకి ఎక్కడ తగులుతుందో సరిగ్గా అక్కడే అంటాను. అది నా జబ్బు.

డాక్టరమ్మకి ఫోను చేస్తే కాకినాడలో పెళ్లికి వెళ్లారని, సోమవారం వస్తారని చెప్పారు. వేరే డాక్టరు దగ్గరికి పోదామంటే నాన్నగారు ఒప్పుకోలేదు. పెట్టిన మనిషే తియ్యాలి, తీసే ముందు నాకు జవాబు చెప్పాలి అన్నారు. అలా మూడు రోజులు గడపాల్సి వచ్చింది.

పిల్ల సీసా పీకని మొదట ఉమ్మేసింది. తర్వాత ఆకలికి తాళలేక పట్టింది. తాగినదంతా కడుపులో గడ్డకట్టినట్టు మెలికలు తిరిగేది. నా రొమ్ములు రాళ్లలా గట్టిపడ్డాయి. పిండుకుంటే తప్ప ప్రాణం నిలవదు. పిండిన తల్లిపాలు ఎవరూ తొక్కని చోట, మొక్క మొదట్లో పొయ్యాలి, మా వైపు అదే అలవాటు. అమ్మ గ్లాసు పట్టుకుని కరివేపాకు చెట్టు దగ్గరికి వెళుతుంటే వద్దన్నాను. రేపు ఆ ఆకు మనమే కూరలో వేసుకుంటాం కదా. సందు కాలువలో పొయ్యమన్నాను. అమ్మ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడి ఏడ్చింది. చివరికి పెరటి కొసకి వెళ్లి కొబ్బరి చెట్టు మొదట్లో పోసి వచ్చింది. ఆ మూడు రోజులూ మా అమ్మ నాతో తిన్నగా మాట్లాడలేదు.

శనివారం పగలు వాన పడుతోంది. చెరువుల చక్రాల చప్పుడు వానలో కలిసిపోయింది. మంచం మీద పడుకుని ఒక కలగన్నాను. స్టీలు గ్లాసులో నా పాలు. పాల మీద చిన్న చిన్న వెండి పూసలు దొర్లుతున్నాయి. వేలు పెడితే రెండు ఒకటవుతున్నాయి, మళ్లీ నాలుగవుతున్నాయి, చూడ్డానికి ఎంత అందంగా ఉన్నాయో. గుమ్మంలో పీట మీద తాతగారు కూర్చున్నారు. ఆయనని నేను ఎప్పుడూ చూడలేదు, అయినా తాతగారే. వణికే చేతుల్లో నా పిల్ల. ఆయనకి పళ్లు లేవు, దానికీ పళ్లు లేవు. ఒకరినొకరు చూసుకుని బోసిగా నవ్వుకుంటున్నారు. పిల్లని ఇలా ఇచ్చెయ్యండి తాతగారూ అంటున్నాను, నోట్లోంచి మాట రావడం లేదు. మెలకువ వచ్చేసరికి పక్కంతా పాలతో తడిసి ఉంది. గట్టిగా ఏడ్చాను.

ఆ ఏడుపు నాన్నగారు విన్నట్టున్నారు. ఆదివారం పొద్దున్న వసారాలో దీపం పెట్టి, ముక్కాలిపీట వేసి నన్ను పిలిచారు. పక్కన మరిగిన నీళ్లలో ఆయన చెక్కడం పని చేసే సన్న ఉలి ఉంది. అరగంట పనమ్మా, నేనే తవ్వేస్తాను అన్నారు. ఇప్పుడు చెబితే నవ్వుతారు గానీ, నేను కూర్చున్నాను. నోరు తెరిచాను. నలభై ఏళ్లుగా నూకగింజంత రాళ్లని ఉంగరాల్లో కూర్చిన చెయ్యి అది. ఆయన ఉలి తీసుకుని నా మొహం మీదికి వంగారు. ఉలి కొన పంటికి తగిలి టకటకమంది. ఆయన చెయ్యి వణుకుతోంది. ఆయనకి అది ఎప్పుడూ లేదు. చేతిని వెనక్కి తీసుకుని, అది తనది కానట్టు చూసుకున్నారు. ఇద్దరం ఎవరి గురించి ఆలోచిస్తున్నామో ఇద్దరికీ తెలుసు. ఈలోగా అమ్మ వచ్చి ఉలి, నీళ్లు అన్నీ ఎత్తుకుపోయింది. తండ్రికీ కూతురికీ ఒకేసారి పిచ్చెక్కింది, ఇంక నేనెవరితో చెప్పుకోను అని గొణుక్కుంటూ వెళ్లింది.

సోమవారం వాన తెరిపిచ్చింది. నాన్నగారూ నేనూ పిల్లని తీసుకుని ఆటోలో అమలాపురం వెళ్లాం. మేడ మీద అదే గది, అదే మెత్తటి మనిషి, జుట్టు మాత్రం నెరిసింది. ఆవిడ కూర్చోమన్నా నాన్నగారు కూర్చోలేదు.

"వెండి అన్నారు కదండీ మీరు" అన్నారు.

ఆవిడ నా మొహం, పిల్ల మొహం చూసి, సంగతి గ్రహించినట్టున్నారు.

"వెండి ఉందండి. పాదరసమూ ఉందండి. అందరం సిల్వర్ ఫిల్లింగనే అలవాటుగా అనేస్తాం. ఆ రోజు మీకు విడమరిచి చెప్పాల్సింది, చెప్పలేదు. నాదే తప్పండి."

పోట్లాడటానికి దారంతా మాటలు కూడబలుక్కుని వచ్చిన మనిషి నాన్నగారు. అవతల తప్పు ఒప్పేసుకుంటే ఏం చెయ్యాలో తెలియక నిలబడిపోయారు. ఆవిడ నన్ను కుర్చీలో పడుకోబెట్టి, లైటు వేసి, అద్దంతో చూశారు. ఫిల్లింగు ఎక్కడా చిట్లలేదు, అంచు లేవలేదు, దాని కింద మళ్లీ పుచ్చలేదు అన్నారు. బంగారు రేకు సంగతి, ఉలి సంగతి నేనే చెప్పేశాను. ఉలి అనగానే ఆవిడ నాన్నగారి వైపు చూశారు. నాన్నగారు నేల చూశారు. ఆ జివ్వుమనడం విషం కాదట. రెండు రకాల లోహాలు, మధ్యలో ఉమ్మి, అవి తగిలితే చిన్న కరెంటు పుడుతుందట. రేకు మీద చార, గట్టిగా కొరికినప్పుడు పైనుంచి రవ్వంత అంటుకున్నదేనట. మీ అమ్మాయి నోట్లో బ్యాటరీ కట్టేరండి మీరు అన్నారు.

నాన్నగారికి అది చాల్లేదు. తాతగారి సంగతి మొత్తం చెప్పారు. చిగుళ్లు, పళ్లు, చేతులు, మంచినీళ్ల గ్లాసు. పరాయి మనిషి ముందు ఆయన అంతసేపు మాట్లాడటం నేను అదే మొదటిసారి చూడటం. ఆవిడ చేతిలో అద్దం పక్కన పెట్టి విన్నారు.

"తలుపులు వేసుకుని చేసేవారాండీ?" అని అడిగారు.

"ఆయ్. గాలి తగిలితే సెగ కుదరదండి."

"ఆయన ఏళ్ల తరబడి ఆ పొగ పీల్చేరండి. మీ అమ్మాయి పంటిలోది వెండితో, తగరంతో కలిసి గట్టిపడిపోయిందండి. నమిలినప్పుడు రవ్వంత ఆవిరి వస్తుంది, రాదని అబద్ధం చెప్పను. అది చాలా తక్కువ. ఇప్పుడు నేను మిషను పెట్టి తవ్వితే ఆవిరి ఎక్కువ లేస్తుందండి. పాలిచ్చే తల్లికి ఆ పని నేను చెయ్యను."

ఈ మధ్య కడుపుతో ఉన్నవాళ్లకి, పాలిచ్చేవాళ్లకి, చిన్నపిల్లలకి ఈ వెండి పెట్టడం కూడా మానేశామని, తెల్లటి సిమెంటు లాంటిది పెడుతున్నామని చెప్పారు. కొత్తగా పెట్టకపోవడం వేరు, పెట్టి గట్టిపడినదాన్ని కెలకడం వేరు అన్నారు. పిల్ల పెద్దదయ్యాక, ఎప్పుడైనా అది చిట్లితే, అప్పుడు జాగ్రత్తలు తీసుకుని మారుద్దామన్నారు. నాకు సగమే బుర్రకెక్కింది. నాన్నగారికి మాత్రం మొత్తం ఎక్కింది. సెగ తగలనంతసేపు అది కలిసిన లోహాన్ని వదిలిపెట్టదని ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. తనకి తెలిసిన సంగతే మూడు రోజులు భయంలో మరిచిపోయారు. మెల్లగా స్టూలు మీద కూర్చున్నారు.

"తలుపు తీసుంచితే సరిపోయేదాండీ" అన్నారు.

డాక్టరమ్మ చేతి తొడుగులు ఒక్కొక్కటే తీశారు. కొంత మేలు జరిగేదండి అన్నారు చివరికి, మెల్లగా.

తర్వాత నా వైపు తిరిగి, పాపకి చివరిసారి పాలు ఎప్పుడు పట్టారని అడిగారు. శుక్రవారం మధ్యాహ్నం అన్నాను. అప్పటిదాకా మారని ఆవిడ మొహం అప్పుడు మారింది. నేను తలెత్తలేక పిల్ల గుడ్డ సర్దుకుంటూ కూర్చున్నాను. ఆవిడ తిట్టలేదు, తిడితే బాగుండేది. లైటు ఆర్పేసి, కుర్చీ వీపు కొంచెం పైకి లేపారు.

"ఇక్కడే పట్టండమ్మా. ఇంటికెళ్లేదాకా ఆగద్దు."

నాన్నగారు గబగబా బయటికి వెళ్లి తలుపు దగ్గరగా వేశారు. నేను ఆ పళ్ల డాక్టరు కుర్చీలో వెనక్కి వాలి పిల్లని దగ్గరకి తీసుకున్నాను. అది మొహం తిప్పేసుకుంది. రెండోసారి పెట్టాను. నోటితో పట్టి, రబ్బరు పీక కాదని తెలిసి, వదిలేసి కేకలు మొదలుపెట్టింది. మూడు రోజులు రాళ్లలా ఉన్న రొమ్ములు ఆ పొద్దున్న మెత్తబడిపోయాయి. పాలు వెనక్కి పోతున్నాయని అమ్మ పొద్దున్నే చెప్పింది, నేనే విననట్టు ఊరుకున్నాను. ఇంక రావేమో, ఇది ఇంక పట్టదేమో. రోషమా తల్లీ నామీద, తిట్టుకో, కొట్టు, కానీ తాగు అని ఏదేదో అంటున్నాను. నా కన్నీళ్లు దాని బుగ్గ మీద పడుతున్నాయి. డాక్టరమ్మ మాకు వీపు పెట్టి, కడిగిన పనిముట్లనే మళ్లీ మళ్లీ కడుగుతున్నారు.

ఎన్నోసారో తెలియదు. ఏడ్చి ఏడ్చి అలిసిపోయి, వెక్కుతూ వెక్కుతూ, అది పట్టింది. నొప్పికి పళ్లు బిగబట్టాను. ఒక గుక్క, ఆగింది. ఇంకో గుక్క. తర్వాత ఆ చిన్న దవడ ఆగకుండా ఆడటం మొదలుపెట్టింది, గొంతులో గుటక చప్పుడు వినపడింది. రెండో వైపు పాలు ఆ తర్వాత ఎప్పుడూ మునుపటిలా రాలేదు, ఆర్నెల్ల దాకా డబ్బాపాలు కూడా కలపాల్సి వచ్చింది, ఆ దోషం నాదే. కానీ ఆ పూట తాగింది.

తలుపు సందులోంచి నాన్నగారి గొంతు వినపడింది.

"పట్టిందా అమ్మా?"

ఆయ్ అన్నాను.

బయట బల్ల మీద దవడ పట్టుకుని కూర్చున్న మనిషెవరో, ఇంకా ఎంతసేపండీ అని అడిగారు. అప్పుడు నాన్నగారు, గొంతు సవరించుకుని, ఆ మనిషికి చెబుతుంటే విన్నాను.

"ఏవీ అనుకోకండి. ఆ కుర్చీలో మా మనవరాలు పాలు తాగుతోందండి. కాస్త ఆగండి."